సోమన్న కత్తిరించిన పోగు

నాకు కోపం ఎక్కువ. నందికొట్కూరులో మా ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో అడిగినా చెబుతారు. "పద్మశ్రీ డాక్టరమ్మ చెయ్యి మంచిది, నోరే..." అని అక్కడ ఆపి నవ్వుకుంటారు. రోగిని ముదరబెట్టి తెచ్చిన ఇంటివాళ్ళను చూస్తే ఆ నోరు అసలు ఊరుకోదు. ఈ మాట ముందే ఎందుకంటే, నేను చెప్పబోయేది సోమన్న సంగతే అయినా, అందులో నా నోటికి కూడా వాటా ఉంది.

సోమన్న నేను చదివిన వైద్య కళాశాలలో అటెండరు. శవాలను కోసి శరీరం లోపలి అమరిక నేర్చుకునే హాలు ఉంటుందే, దానికి. కాలేజీ పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. ఇరవై ఏడేళ్ళు ఆ హాల్లోనే గడిపాడు. మందునీళ్ళ తొట్టెలోంచి శవాన్ని ఎత్తి బల్లమీద పడుకోబెట్టడం, రంపంతో ఎముక కోయడం, కొవ్వంతా ఒలిచి లోపలిది కంటికి కనబడేలా శుభ్రం చేయడం, ధమనికి ఎర్రరంగు, సిరకు నీలం, నరానికి పసుపు పూయడం, ఇదీ అతని పని. చదివింది ఎనిమిదో తరగతి. కానీ మాకు పాఠం చెప్పిన లెక్చరర్లలో సగంమంది సందేహం వస్తే సోమన్న మొహం వైపే చూసేవాళ్ళు.

పుట్టింది కోడుమూరు నేతగాళ్ళ ఇంట్లో. నాయన నూలు చీరలు నేసేవాడు. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ కలిపి, వేలితో తడిమినా తెలియకుండా అతకడం సోమన్నకు పదేళ్ళకే వచ్చు. గుడ్డ మీద ఎక్కడైనా పోగు లేచి కనబడితే నాయన వీపు మీద ఒకటి చరిచేవాడట. ఆ చేతులే తర్వాత హాల్లోకి వచ్చాయి. అతను శుభ్రం చేసిన శవాన్ని చూస్తే పుస్తకంలోని బొమ్మ లేచివచ్చి బల్లమీద పడుకున్నట్టు ఉండేది. మా బ్యాచి అంతా ఆ చేతిపనికి దండం పెట్టేవాళ్ళం.

ముఖ్యంగా కటి భాగానికి. నడుము కింద ఎముకలు గిన్నెలా కలిసి ఉంటాయి, దాన్నే కటి అంటాం. ఇరుకు చోటు, కొవ్వు, కంపు. కళ్ళు మండిపోతుంటే అందులో రక్తనాళాలు వెతుక్కునే ఓపిక మాకెవరికీ లేదు. "సోమన్నా, కటి నువ్వే తీసిపెట్టు" అని వదిలేసి క్యాంటీనుకు పోయేవాళ్ళం. వారం తర్వాత వస్తే అంతా ఎర్రగా నీలంగా తీర్చిదిద్ది ఉండేది. పక్కన పుస్తకం పెట్టుకుని బట్టీ కొట్టేవాళ్ళం. ఆ సబ్జెక్టులో నాకు బంగారు పతకం వచ్చింది. స్వీటు డబ్బా తీసుకుపోయి సోమన్న చేతిలో పెట్టాను. నా మొహం చూడకుండా, "శానా సంతోషమమ్మా" అన్నాడు. సిగ్గుపడుతున్నాడు పాపం అనుకున్నాను.

ఇరవై ఏళ్ళయింది. పోయిన మే నెలలో, ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేని పూట, మా ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. దిగింది సోమన్న. రిటైరయ్యాక భార్య పుట్టినూరు దగ్గరని నందికొట్కూరుకే వచ్చి ఉంటున్నాడని విన్నాను గానీ చూడడం అదే. జుట్టంతా తెల్లబడింది. భుజానికి గుడ్డసంచి. ఆటోలో అతని భార్య హనుమంతమ్మ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. అరవై రెండేళ్ళ మనిషి, రెండు రోజులుగా వాంతులు, కడుపు డోలులా ఉబ్బింది.

బల్లమీద పడుకోబెట్టి చూశాను. కుడి గజ్జ కింద, తొడ మొదట్లో, నిమ్మకాయంత గడ్డ. గట్టిగా ఉంది, చెయ్యి తగిలితే కెవ్వుమంది. పేగు జారి, తొడలోకి రక్తనాళాలు దిగే సందు పక్కనున్న చిన్న రంధ్రంలో ఇరుక్కుంది. ఆ రంధ్రం అంచు బిగుసుకుని పేగుకు రక్తం అందకుండా చేస్తోంది. ఇంకో నాలుగైదు గంటలు ఆగితే పేగు కుళ్ళుతుంది, మనిషి దక్కదు.

నా నోరు లేచింది. "రెండు రోజులు ఏం చేస్తాంటివి సోమన్నా? ఇరవై ఏడేండ్లు శవాల దగ్గర ఉండి, బతికిన మనిషి నొప్పి కనపడకుండా పోయిందా నీకు?"

"కడుపుబ్బరం అనుకుంటిమమ్మా. గడ్డ సంగతి ఆమె సిగ్గుపడి చెప్పల్యా. పొద్దున నేను చూస్తి. చూడంగానే తెలిసె, యాడుండాదో."

"తెలిసె కదా, మరి సంతకం పెట్టు. ఇప్పుడే కోయాల. కర్నూలుకు పంపితే గంట, ఆడ మళ్ళా పరీక్షలని ఇంకో రెండు గంటలు. అంత టైము లేదు."

మత్తుమందు డాక్టరు దావీదురాజు గారికి అప్పటికే ఫోను చేశాను. పెద్దాయన, ఇల్లు పక్క వీధే. హనుమంతమ్మకు సెలైన్ ఎక్కుతోంది. నర్సు థియేటరు సిద్ధం చేస్తోంది. సోమన్న చేతిలో పెన్ను ఉంది, కాగితం ఉంది, సంతకం మాత్రం పెట్టడం లేదు.

"ఏంది ఆలోచన?"

"అమ్మా, ఆ రంధ్రం వదులు చేయడానికి లోపలి అంచు కోస్తారా?"

నాకు ఒళ్ళు మండింది. రోగి బంధువులు ఫోనులో నాలుగు ముక్కలు చదువుకొచ్చి నాకు ఆపరేషన్ నేర్పడం నాకు అలవాటే, కానీ సోమన్న కూడానా. "కోయకపోతే పేగు ఎట్ల బయటికొస్తుంది? ఇట్లాంటివి పన్నెండు చేసినా నేను. అందరికీ ఆ అంచే కోసినా."

"చూసి కోసినారా, తడిమి కోసినారా?"

"ఆ ఇరుకులో ఏం కనబడుతుందప్పా చూడ్డానికి? వేలు ఆనించి కోస్తాం. అది వట్టి గట్టి పొర. దాంట్లో ఏమీ ఉండదు. నీ బల్లమీదనే కదా నేర్చుకున్యా."

సోమన్న పెన్ను బల్లమీద పెట్టేశాడు. సంచిలోంచి ఒక నూలు తాడు తీశాడు. మూర పొడవు, మందునీళ్ళ కంపు కొడుతోంది, నిండా ముడులు. "దీంట్లో అరవై మూడు ముడులుండాయి అమ్మా. ఒక్క నిమిషం ఇనండి. ఇన్న తర్వాత మీరు ఏం చేసినా నేను అడ్డం రాను."

చెప్పాడు. అతను చేరిన రెండో ఏడు పరీక్షకు బయటి ఊరినుంచి పరీక్షాధికారి వచ్చాడు. ఒక పిల్లవాడిని పిలిచి, కటిలో ఒక ధమని చూపించి ఎక్కడినుంచి వస్తోందో చెప్పమన్నాడు. పిల్లవాడు కంటికి కనబడింది చెప్పాడు. పుస్తకంలో అట్లా లేదని ఫెయిల్ చేశాడు ఆయన. తర్వాత బల్లమీదున్నది కూడా పుస్తకంలా లేదని తేలేసరికి మా ప్రొఫెసరును అందరి ముందూ కడిగేశాడు. ఆ సాయంత్రం ప్రొఫెసరు సోమన్నను పిలిచి, పరీక్షకు పెట్టే శవం పుస్తకంలా ఉండాలి, లేకపోతే నువ్వు ఉండవు అన్నాడు.

సోమన్న అదే చేశాడు. గుడ్డ మీద లేచిన పోగును కత్తిరించినట్టు, పుస్తకంలో లేని నాళాన్ని కత్తిరించాడు. తెగిన కొసను తెచ్చి, పుస్తకం ప్రకారం ఎక్కడ ఉండాలో అక్కడ నూలుపోగుతో అతికించాడు. మీద కొవ్వు అద్ది ఎర్రరంగు వేశాడు. వేలితో తడిమినా అతుకు తెలియదు. కోసిన ప్రతిసారీ తొట్టె వెనక వేలాడదీసిన తాడుకు ఒక ముడి వేశాడు. ఎందుకు వేశాడో తనకే తెలియదన్నాడు. నూట నలభై శవాలు, ఒక్కోదానికి రెండు పక్కలు.

"పెద్దదేం కాదమ్మా అది. తొడ లోపలికి పోయే ఎర్రది. అందరికీ ఎనక పెద్ద ఎర్రదాన్నుంచి వస్తాది. కొందరికి మాత్రం ముందర పొట్ట గోడ మీదిదాన్నుంచి పుట్టి, ఎముక మీద వంగి, ఆ రంధ్రం లోపలి అంచును చుట్టుకుని కిందికి దిగుతాది. మీరు కోస్తామంటాండారే, సరిగ్గా ఆ అంచునే."

నేను చదవనిది కాదు. పెద్ద పుస్తకంలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం. తొడ లోపలి కండరాల ధమని నలుగురైదుగురిలో ఒకరికి దారి మార్చుకుంటుందని, పాతకాలపు సర్జన్లు దానికి మృత్యుకిరీటం అని పేరు పెట్టారని, గుడ్డిగా కోస్తే తెగిన కొస కటి లోపలికి జారుకుని నెత్తురు ఆపడం ఎవరి తరమూ కాదని. వైవాలో అడిగితే గడగడా అప్పజెప్పాను కూడా. కానీ చదివింది బుర్ర. చెయ్యి నమ్మింది సోమన్న బల్లను. అయిదేళ్ళలో ఒక్కసారి కూడా కనబడని దాన్ని, లక్షమందిలో ఒకరికి ఉండే వింత అనుకున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు, అది ప్రాణం తీసేదని?"

"రిటైరు కావడానికి ఏడాది ముందర. కొత్తగా వచ్చిన మేడమ్ ఒకామె పాఠంలో చెప్పింది. ఎనక నిలబడి ఇన్యా. ఆ పొద్దునుంచి కోయడం నిలిపేస్తి."

"ఎవరికన్నా చెప్పినావా?"

తల అడ్డంగా ఊపాడు.

అప్పుడన్నాను. "నీ పెండ్లాం బల్లమీద పడుకుంటే గానీ నోరు రాలేదా సోమన్నా నీకు? అరవై మూడు ముడులు వేసుకుని సంచిలో పెట్టుకుని తిరుగుతాంటివా?"

"రాలేదమ్మా" అన్నాడు. తల దించుకోలేదు, ఏడవలేదు. "భయపడితి. పెన్షన్ ఆపుతారేమో అనుకుంటి. నా చేతిని అందరూ మెచ్చుకుంటిరి కదా, దొంగచెయ్యి అంటారేమో అని సిగ్గుపడితి. ఇంగ తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి. ఆమెను మటుకు చూసి కోయండి."

సంతకం పెట్టాడు. తాడును చేతిలోనే ఉంచుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

నేను చేతులు కడుక్కుంటున్నానే గానీ లోపల ఉడికిపోతున్నాను. నిజం చెబుతున్నాను, నా మొదటి ఆలోచన హనుమంతమ్మ గురించి కాదు. నా బంగారు పతకం గురించి. దారపుపోగుతో అతికించిన దాన్ని చూసి పతకం తీసుకున్నానా అని తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. అరవై మూడంటే రెండువందల ఎనభై పక్కల్లో అరవై మూడు. లక్షమందిలో ఒకరు కాదు. నాలుగైదింటికొకటి. నేను పన్నెండు కోశాను.

దావీదురాజు గారు నడుముకు మత్తు ఇచ్చారు. మనిషికి మెలకువ ఉంటుంది, నడుము కింద మాత్రం తెలియదు. మధ్యలో అడ్డంగా కట్టిన గుడ్డకు అవతల హనుమంతమ్మ ఏదో గొణుక్కుంటోంది. గడ్డ మీద కోత పెట్టాను. సంచిలాంటి పొర తెరవగానే పేగు కనబడింది. నేరేడుపండు రంగుకు తిరిగింది. చావలేదు ఇంకా, కానీ దగ్గర్లో ఉంది. మెడ దగ్గర అంచు ఎంత బిగుతుగా ఉందంటే నా చిటికెన వేలి కొస కూడా పోవడం లేదు.

"బీపీ తొంభై తల్లీ," అన్నారు దావీదురాజు గారు. "తొందరగా కానీ."

మామూలుగా అయితే రెండు నిమిషాల పని. కత్తిని వేలి వెంట జార్చి, లోపలి అంచుకు ఆనించి, చిన్నగా ఒక్క కోత. అంచు వదులవుతుంది, పేగు జారి పైకి వస్తుంది. పన్నెండుసార్లు అట్లాగే చేశాను. కత్తి తీసుకున్నాను. అంచుకు ఆనించాను.

చెయ్యి కదల్లేదు. ఆ క్షణంలో నాకు కనబడింది హనుమంతమ్మ కాదు, పెద్దక్క.

పన్నెండు మందిలో పదకొండు మంది నడిచి ఇంటికి పోయారు. మిగిలిన ఆ ఒక్క మనిషి పెద్దక్క. ఎనిమిదేళ్ళ కిందట, నేను ఇక్కడ ఆసుపత్రి పెట్టిన కొత్తలో. ఏటా ఎండాకాలం బనగానపల్లె మామిడితోటలకు మొగుడూ పెళ్ళాం కాయకోతకు పోయేవాళ్ళు. అక్కడ గడ్డ నొప్పిచేస్తే కోతలు అయిపోనీ అని మూడు రోజులు ఓర్చుకుని, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఇదే గడ్డ, ఇదే అంచు. కోశాను. పేగు వచ్చింది. దాని వెనకే నెత్తురు ఊరింది. గుడ్డలు కుక్కాను, ఊరుతూనే ఉంది. ఎక్కడినుంచి వస్తోందో కనబడలేదు. కట్టుకట్టి అంబులెన్సు ఎక్కించాను. కర్నూలు చేరకముందే పోయింది. నెత్తురు గడ్డకట్టని ఒంటితత్వం అయ్యుంటుందని కేసు షీటులో రాసుకున్నాను. ఆమె మొగుడు లక్ష్మన్న వచ్చి నా ముందు నిలబడితే, ఏం చెప్పాలో తెలియక, భయానికి కోపం తెచ్చుకుని, "మూడు రోజులు ముదరబెట్టి తెచ్చి నన్నడిగితే ఎట్ల?" అన్నాను. అతను వెనక్కి తిరిగి పోయాడు.

కత్తి తీసి పళ్ళెంలో పెట్టేశాను.

"ఏమైంది?" అన్నారు దావీదురాజు గారు.

"పైనుంచి పోతా సార్. గజ్జ పైన ఇంకో కోత పెట్టి, ఆ అంచును వెనకనుంచి కంటితో చూసి కోస్తా."

"తల్లీ, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది. బీపీ దిగుతాంది. కిందినుంచే కోసెయ్, ఎన్ని చేయలేదు నువ్వు."

"ఎన్ని చేసినా సార్ గుడ్డిగానే చేసినా." నా గొంతు నాకే కఠినంగా వినబడింది. ఆయన సెలైన్ ధార పెంచారు. ఒక్కసారి చెప్పి, ఆ పైన వాదించని మనిషి ఆయన, అందుకే నాతో వేగగలుగుతున్నారు.

పైన కోశాను. పొర తర్వాత పొర. ఏసీ ఆడుతోందో లేదో తెలియదు, నర్సు రెండుసార్లు నా నుదురు తుడిచింది. ఎనభై అయిదు అన్నారు దావీదురాజు గారు. కాసేపటికి ఎనభై అన్నారు. ఇంత ఆలస్యం చేసి, అక్కడ ఏమీ లేకపోతే? ఆ ఆలోచన నన్ను తినేసింది. ఒక అటెండరు మాట విని, బతికే మనిషిని బల్లమీద చంపుకున్నానని రేపు నందికొట్కూరంతా అంటుంది. గుడ్డ అవతలనుంచి హనుమంతమ్మ గొంతు సన్నగా వినబడింది.

"అయిపోయెనా అమ్మా?"

"అయిపోతాంది పెద్దమ్మా. రవంత ఓర్చుకో."

కడుపు పొరను చేత్తో మెల్లగా వెనక్కి నెట్టి, పనిముట్టుతో ఎత్తిపట్టమని నర్సుకు చెప్పాను. లైటు వంచాను. ఎముక అంచు తెల్లగా కనబడింది. రంధ్రం కనబడింది. అందులోకి దూరిన పేగు కనబడింది. లోపలి అంచు మీద కొవ్వు. దూది ఉండతో తుడిచాను.

కొవ్వు కింద ఏదో కదులుతోంది. ఇంకోసారి తుడిచాను. అగ్గిపుల్లంత లావు నాళం, పొట్ట గోడ మీదినుంచి పుట్టి, ఎముక మీదుగా వంగి, సరిగ్గా నేను కత్తి ఆనించిన అంచును చుట్టుకుని కిందికి దిగుతోంది. సోమన్న చెప్పినట్టే.

"కొట్టుకుంటాంది మేడమ్," అంది నర్సు.

నాకూ దానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క కోత. పెద్దక్కకు నెత్తురు ఊరిన చోటు ఇదే. ఎనిమిదేళ్ళు ఒంటితత్వం అని నాకు నేను చెప్పుకున్నది ఇట్లాంటి నాళమే, అది నా కళ్ళముందు ఎగిరెగిరి పడుతోంది. ఏడుపు వచ్చింది. మాస్కు కింద ఏడ్చాను, చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. రెండుచోట్ల దారంతో బిగించి కట్టి, మధ్యలో కత్తిరించాను. ఒక్క చుక్క రాలేదు. ఆ తర్వాత అంచు కోశాను. పేగు జారి చేతిలోకి వచ్చింది. వేడినీళ్ళలో పిండిన గుడ్డ కప్పి ఆరు నిమిషాలు కూర్చున్నాం. గుడ్డ తీస్తే నల్లదనం మెల్లగా విరిగి ఎరుపు తిరిగింది.

"తొంభై అయిదు," అన్నారు దావీదురాజు గారు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

రంధ్రం మూసి, కోతలు కుట్టి బయటికి వచ్చేసరికి రెండున్నర. సోమన్న అదే బెంచీ మీద, అట్లాగే కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కూడా తాగలేదని ఆయా చెప్పింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాగుంది. పేగు కోయాల్సిన పని పడలేదు."

చేతులెత్తి దండం పెట్టాడు. తర్వాత అడిగాడు. "ఉండాదా అమ్మా?"

"ఉండాది. నువ్వు చెప్పిన చోటే."

అప్పుడు కూలబడ్డాడు. ముసలాయన అంత గట్టిగా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్నాను. నాకు అతని మీద కోపం పోలేదు, ఆ మాట దాచడం ఎందుకు. కానీ అంతకంటే పెద్దది నా మీద ఉంది. కొంతసేపటికి పైగుడ్డతో మొహం తుడుచుకుని, తాడు వంక చూస్తూ అన్నాడు.

"ముందర ఎవరికన్నా... మీ చేతిలో..."

లేదు అంటే అయిపోయేది. ముసలాయన భార్యను తీసుకుని ఇంటికి పోయి హాయిగా బతికేవాడు. నేను కూడా.

"ఒకామె ఉండాది," అన్నాను. "పేరు పెద్దక్క." అంతా చెప్పాను. లక్ష్మన్నతో నేనన్న మాటతో సహా.

సోమన్న తాడును అటూ ఇటూ తిప్పాడు. ముడుల మధ్య ఎక్కడా సందు లేదు. "ఇవన్నీ సచ్చినోళ్ళవి అమ్మా. బతికిన మనిషి ముడి యాడ వేయాల?"

"సగం నాది సోమన్నా. పుస్తకంలో ఉండేది, నేను చదివినా," అన్నాను.

"సగం సగం పంచుకుంటే ఆయప్పకు ఏం వస్తాది?" అన్నాడు. "ఊరు తెలుసునా మీకు?"

తెలుసు. కేసు షీటు తీసి చూడనవసరం కూడా లేకుండా తెలుసు.

హనుమంతమ్మకు కుట్లు విప్పిన మూడో రోజు, ఆదివారం పొద్దున, నా కారులో ఇద్దరం పోయాం. పది కిలోమీటర్లు. దారిపొడుగునా సోమన్న ఒక్క మాటే మాట్లాడాడు, ముందటి రోజు కాలేజీకి పోయి మేడమ్‌కు చెప్పానని, తను కోసి సీసాల్లో దాచిపెట్టిన కటి భాగాలన్నీ తెరిచి రంగు గీకి అతుకులు చూపిస్తానన్నానని. ఆమె ఏమందని అడిగితే, "సీసాలు ఎన్నుండాయని అడిగె. తర్వాత సోమవారం రమ్మనె," అన్నాడు.

లక్ష్మన్న ఇంటి ముందు మేకలకు సుబాబుల్ కొమ్మలు వేస్తున్నాడు. ఒంటరి మనిషి ఇల్లని చూడగానే తెలిసిపోతోంది. నన్ను గుర్తుపట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, గబగబా మంచం వాల్చాడు. "ఏందమ్మా ఇంత దూరం? టీ పెట్టేదా?" అన్నాడు. వద్దని, కూర్చోమని చెప్పాను. నిలబడే చెప్పాను. సోమన్న తన వంతు చెప్పాడు, కాలేజీలో తను చేసింది, ఎందుకు చేసింది. నేను నాది చెప్పాను. ఒక రక్తనాళం ఉండకూడదనుకున్న చోట ఉందని, చూడకుండా కోశానని, ఆమె దానివల్ల పోయిందని.

కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కింద మిగిలిన కొమ్మను తీసి మేకల ముందుకు జరిపాడు.

"అయితే నేను ఆలస్యంగా తెచ్చినందుకు కాదా అమ్మా?" అన్నాడు చివరికి.

"ఆలస్యం అయింది నిజమే లక్ష్మన్నా. కానీ ఆమె పోయింది దానికి కాదు. పేగు బాగానే ఉండె. నేను కోసినందుకు పోయింది."

"కోతలు ఇంగ మూడు దినాలే కదా, అయిపోనీ అన్నది నేనే," అన్నాడు. "మీరు ఆ మాట అన్నప్పుడు నా కొడుకులు ఇద్దరూ నా ఎనకనే ఉండిరి. మా అమ్మను నువ్వే చంపితివి అనిరి. దినాలు కాంగానే పోయిరి. ఎనిమిదేండ్లు ఈ గడప తొక్కల్యా."

ఇది నాకు తెలియదు. నేను అన్నది ఒక్క మాట. అని, చేతులు కడుక్కుని, భోజనానికి పోయాను ఆ రోజు.

లక్ష్మన్న లేచి లోపలికి పోయి ఫోను తెచ్చాడు. పాత బటన్ ఫోను. నొక్కి నంబరు తీశాడు. "పెద్దోడిది. నేను చేస్తే ఎత్తడు. మీ ఫోన్లోంచి చేయండమ్మా. నాకు చెప్పినారే, ఆ మాటే వాడికి కూడా చెప్పండి. ఇంగేం అడగను మిమ్మల్ని."

నా ఫోనులో ఆ నంబరు కొట్టాను. ఎదురుగా సోమన్న, పక్కన లక్ష్మన్న. నాలుగుసార్లు మోగింది. అయిదోసారి అవతల ఎవరో ఎత్తి "ఎవరూ" అన్నారు.

"నేను నందికొట్కూరు డాక్టరు పద్మశ్రీని," అన్నాను. "మీ అమ్మ సంగతి చెప్పాల. మీ నాయన తప్పేం లేదప్పా."